మదురై మీనాక్షి గుడిని వరుస తప్పకుండా దర్శించడం ఎలా?

ముందు అమ్మవారా, స్వామివారా? ఏ గోపురంలోంచి లోపలికి పోవాలి? ఎంతసేపు పడుతుంది? రామేశ్వరం వెళ్తూ దారిలో ఒక పూట మదురైలో ఆగే మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఈ మూడే. జవాబులు చిన్నవి. ముందు అమ్మవారు. తూర్పున అష్టశక్తి మండపం గుండా. తక్కువలో తక్కువ మూడు గంటలు.

అయితే ఈ మూడూ తెలిసి వెళ్ళినవాళ్ళు కూడా క్యూలో తోసుకుంటూ పోయి, రెండు హారతులు కళ్ళకద్దుకుని, అరగంటలో బయటపడి, "గుడి పెద్దదే కానీ ఏం చూశామో తెలియలేదు" అంటారు. ఈ గుడిలో వరుస అనేది ఆచారం కోసమే కాదు, కట్టడమే ఆ వరుసలో ఉంది. ఒకదాని తర్వాత ఒకటిగా నడిస్తే దారి అదే తెలుస్తుంది.

గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే: లోపల రెండు గర్భాలయాలు పక్కపక్కన ఉంటాయి, రెండూ తూర్పు ముఖం. దక్షిణాన అమ్మవారు, ఉత్తరాన సుందరేశ్వరస్వామి. అంటే అమ్మవారు స్వామికి కుడిపక్కన ఉంటుంది. ఎడమపక్క కాదు. మదురైని ఏలే రాణి ఆమె, అందుకే తొలి దర్శనం ఆమెదే. ఎక్కడ దారి తప్పినా "తూర్పు ఎటు?" అని అడగండి, మిగతాది మీకే అర్థమవుతుంది.

కావాల్సినవి

సమయం: గుడి తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలో తెరుస్తారు, మధ్యాహ్నం 12:30 ప్రాంతంలో మూస్తారు. మళ్ళీ సాయంత్రం 4కు తెరిచి రాత్రి 10 దాకా ఉంచుతారు. పండగ రోజుల్లో ఇవి మారతాయి. పదకొండున్నరకు వెళ్తే అమ్మవారి దర్శనం అయ్యేసరికే మూసే వేళ అవుతుంది. ఉదయం 6 లోపు, లేదా సాయంత్రం 5 తర్వాత వెళ్ళడం మేలు. రెండిట్లో ఒకటే కుదిరితే సాయంత్రం ఎంచుకోండి, కారణం కింద 10వ మెట్టులో ఉంది.

బట్టలు: మగవాళ్ళకు పంచె లేదా ప్యాంటు, చొక్కా. కేరళ గుళ్ళలోలా ఇక్కడ చొక్కా విప్పనక్కర్లేదు. ఆడవాళ్ళకు చీర, లంగావోణి, చున్నీతో చుడీదార్. నిక్కర్లు, పొట్టి గౌన్లు వద్దు.

ఫోన్: లోపలికి తీసుకెళ్ళనివ్వరు, బయట లాకర్లో పెట్టాలి. అందుకని ఒక చేతిగడియారం, ఒక కాగితం ముక్క మీద రాసుకున్న ఇద్దరు ముగ్గురి నంబర్లు దగ్గర ఉండాలి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో లోపలికి పోకముందే అనుకోండి. కోనేటి గట్టు అందరికీ సులువు.

చిన్న కాగితపు పొట్లాలు రెండు: ఒకటి కుంకానికి, ఒకటి విభూతికి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎందుకో 5వ మెట్టులో చెబుతాం.

గోత్రం, నక్షత్రం: అర్చన చేయించేటట్టయితే నక్షత్రం పేరు తమిళంలో కూడా తెలిసి ఉంటే మంచిది. ఆర్ద్ర అంటే తిరువాదిరై, పుష్యమి పూసం, ఆశ్లేష ఆయిల్యం, జ్యేష్ఠ కేట్టై, శ్రవణం తిరువోణం, ధనిష్ఠ అవిట్టం, శతభిషం సదయం. ఎక్కువమంది పొరబడేది మూడింటి దగ్గర: పూరం అంటే పుబ్బ, పూరాడం అంటే పూర్వాషాఢ, పూరట్టాది అంటే పూర్వాభాద్ర.

1. ముందు బయట ఒక చుట్టు నడవండి

స్టేషన్ నుంచి టౌన్‌హాల్ రోడ్డు మీదుగా నడిస్తే పావుగంటలోపే పడమటి గోపురం ఎదురవుతుంది. అక్కడే లోపలికి దూరకండి. చిత్తిరై వీధిలో, అంటే ప్రాకారం గోడకు ఆనుకుని బయట ఉండే వీధిలో, దక్షిణం వైపు నడిచి తూర్పుకు రండి.

మదురై ఊరే ఈ గుడి చుట్టూ అరుగులు పేర్చినట్టు ఉంటుంది. గోడ లోపల ఆడి వీధి, బయట చిత్తిరై వీధి, తర్వాత ఆవణిమూల వీధి, మాసి వీధి, అన్నిటికీ బయట వెళి వీధి. ఇవి చాలావరకు తమిళ నెలల పేర్లు. ఊళ్ళో ఏ ఆటోడ్రైవర్ "మాసి వీధి" అన్నా గుడికి ఎన్నో చుట్టులో ఉన్నారో మీకు తెలిసిపోతుంది. నాలుగు దిక్కులా పేరు అదే కాబట్టి "తూర్పు మాసి", "దక్షిణ మాసి" అని దిక్కు కలిపి చెప్పాలి. లేకపోతే ఎక్కడో దింపుతారు.

దక్షిణ గోపురం దగ్గర ఆగండి. 1559లో కట్టిన ఈ గోపురం సుమారు 170 అడుగులు, నాలుగింటిలోకీ ఎత్తైనది. కింద రెండు అంతస్తుల మేర రాయి, పైనంతా ఇటుక, సున్నపు గచ్చు. బొమ్మలన్నీ గచ్చువే, రాతివి కావు. అందుకే ఎండకూ వానకూ పాడవుతాయి, కుంభాభిషేకం చేసినప్పుడల్లా బాగుచేసి రంగులు వేస్తారు. తూర్పు గోపురం వీటన్నిటికంటే పాతది, 13వ శతాబ్దపు పాండ్యుల కాలం నాటిది. ఉత్తర గోపురం చాలాకాలం పైభాగం లేకుండా మొండిగా ఉండిపోయింది కాబట్టి దాన్ని ఇప్పటికీ మొట్టై గోపురం, అంటే బోడి గోపురం అంటారు.

బయట ఇంత ఎత్తు చూసి, లోపల గర్భాలయం మీద ఇంకెంత ఎత్తు ఉంటుందో అనుకోకండి. తంజావూరు పెద్ద గుడిలో ఎత్తంతా గర్భాలయం మీది విమానానిది. ఇక్కడ తలకిందులు: బయటికి పోయేకొద్దీ ఎత్తు, లోపలికి పోయేకొద్దీ తక్కువ. స్వామి, అమ్మవార్ల విమానాలు బంగారు రేకు తొడిగిన చిన్నవి. అవి కనిపించే చోటు 4వ మెట్టులో ఉంది.

2. చెప్పులు, ఫోన్, తనిఖీ

చెప్పులు, ఫోన్, కెమెరా, పెద్ద సంచులు తూర్పు వైపే అప్పగించండి. పడమర అప్పగించి తూర్పున బయటికొస్తే మండుటెండలో వట్టి కాళ్ళతో సగం ప్రదక్షిణ చేయాల్సి వస్తుంది. టోకెన్లు ఒక్కరి దగ్గరే ఉండాలి, ఆ ఒక్కరు ఎవరో అందరికీ తెలియాలి.

3. అష్టశక్తి మండపం గుండా లోపలికి

తూర్పు గోపురానికి కాస్త దక్షిణంగా, మీద పెద్ద గోపురం లేని వాకిలి ఇది. గోపురం కోసం వెతుకుతూ దీన్ని దాటిపోయేవాళ్ళు చాలామంది. వాకిలి మీద మీనాక్షీ కల్యాణం గచ్చుబొమ్మ గుర్తు. దీన్ని కట్టించింది మదురై రాజు తిరుమల నాయకుడి రాణులు రుద్రపతి అమ్మాళ్, తోళి అమ్మాళ్. నాయక రాజులు తెలుగువాళ్ళు. విజయనగరం తరఫున ఇక్కడికొచ్చి, తర్వాత ఇక్కడే రాజ్యం ఏలారు. గుడిలో ఈవేళ మనం చూసేదాంట్లో పెద్ద భాగం వాళ్ళ కాలంలో లేచిందే.

మండపంలో స్తంభాల మీద ఎనిమిది శక్తులను వెతకండి: కౌమారి, రౌద్రి, వైష్ణవి, మహాలక్ష్మి, యజ్ఞరూపిణి, శ్యామల, మాహేశ్వరి, మనోన్మణి. తర్వాత మీనాక్షి నాయకర్ మండపం వస్తుంది. దాని చివర నిలువెత్తు ఇత్తడి తోరణం, అందులో 1008 దీపాలు. ఒకప్పుడు ఇక్కడే పువ్వులు, గాజుల అంగళ్ళు ఉండేవి. పువ్వులు కొంటే లోపలికి రాకముందే కొనండి, వెనక్కి రావడం కష్టం.

4. బంగారు తామర కోనేరు

చీకటి మండపం దాటగానే ఒక్కసారిగా వెలుతురు, నీళ్ళు. దీన్ని పొట్రామరై కుళం అంటారు. 165 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. నడుమ బంగారు రంగు తామర.

క్యూలో పడకముందు ఇక్కడ పదినిమిషాలు కూర్చోండి. దక్షిణం గట్టు మీదికి వెళ్ళి వాయవ్యం వైపు చూస్తే బంగారు విమానాలు కనిపిస్తాయి. వెనక్కి తిరిగితే దక్షిణ గోపురం ఆకాశమంతా నిండి ఉంటుంది. బయట ఎత్తు, లోపల బంగారం అన్నది కంటికి తెలిసే చోటు ఇదే. మదురై సంగంలో, అంటే పాతకాలపు తమిళ కవుల సభలో, కవుల రచనలను పరీక్షించిన పలక ఈ కోనేట్లోనే తేలిందని ఐతిహ్యం. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళలోకి దిగకండి.

5. అమ్మవారి దర్శనం

కోనేటికి పడమర ఊంజల్ మండపం, కిళికూడు మండపం. ఊంజల్ మండపంలో శుక్రవారం సాయంత్రం అమ్మవారినీ స్వామినీ ఉయ్యాల్లో కూర్చోబెట్టి ఊపుతారు. శుక్రవారం వెళ్తే ఇది చూడొచ్చు, కానీ జనం రెట్టింపు.

టికెట్ క్యూ, ఉచిత క్యూ రెండూ ఉంటాయి. అమ్మవారికి మాత్రమే ఒక టికెట్, ఇద్దరికీ కలిపి ఇంకో టికెట్. చూసుకోకుండా మొదటిది కొంటే స్వామి దగ్గర మళ్ళీ వరుసలో నిలబడాలి. మామూలు రోజు ఉదయం ఉచిత క్యూ చాలు. కులమేదైనా అందరూ ఒకే వరుసలో నిలబడే ఈ హక్కు ఊరికే రాలేదు. 1939 జూలై 8న గాంధేయవాది ఎ. వైద్యనాథయ్యర్ దళితులనూ నాడార్లనూ వెంటబెట్టుకుని ఈ గుళ్ళోకి నడిచారు. వరుసలో నిలబడ్డప్పుడు అది గుర్తుంచుకోండి.

అమ్మవారి విగ్రహం నిలువుగా, చేతిలో చిలుకతో ఉంటుంది. గర్భాలయంలో నూనెదీపాల వెలుగే. చీకటికి కళ్ళు అలవాటుపడాలి కాబట్టి క్యూ చివరి మలుపు నుంచే ముందుకు చూస్తూ ఉండండి. ఎదుటికి వచ్చాక కళ్ళు మూసుకుని దండం పెడితే, తెరిచేలోపు ముందుకు పంపేస్తారు. హారతి తిప్పినప్పుడు ముందు ముఖం, తర్వాత చిలుక ఉన్న చెయ్యి, చివర పాదాలు చూడండి.

అర్చన కావాలంటే తట్ట, కొబ్బరికాయ, టికెట్ ముందే తీసుకుని గోత్రనామాలు ఒక్క గుక్కలో చెప్పండి. తమిళంలో అర్చన కావాలన్నా చేస్తారు.

ఇక్కడ చేతిలో పెట్టేది కుంకం. మొగలిపువ్వు వాసనతో ఉండే మదురై కుంకం పేరున్నది. నుదుట పెట్టుకోగా మిగిలింది పొట్లంలో వేసుకోండి. చెయ్యి దులుపుకోవడానికి పక్కనున్న స్తంభానికి రాయకండి. అందరూ అదే చేయడం వల్ల వందల ఏళ్ళనాటి శిల్పాల ముక్కు, వేళ్ళు ఎర్రగా, తెల్లగా గడ్డకట్టి పోతున్నాయి. గుడికి మనం చేసే చెడుపుల్లో ఇది ఎక్కువసార్లు జరిగేది, ఆపడం తేలికైనది కూడా.

6. నడుక్కట్టు గోపురం, ముక్కురుణి వినాయకుడు

అమ్మవారి సన్నిధి నుంచి ఉత్తరానికి నడిస్తే నడుక్కట్టు గోపురం వస్తుంది. దాని కింద నుంచి దాటగానే ఎదురుగా, దక్షిణానికి ముఖం పెట్టి, పెద్ద వినాయకుడు. మారియమ్మన్ తెప్పకుళం అనే కోనేరు తవ్వేటప్పుడు దొరికిన విగ్రహమిది. కురుణి, పడి అనేవి ధాన్యం కొలతలు. కురుణి అంటే ఆరు పడులు, మూడు కురుణులు పద్దెనిమిది పడులు. వినాయకచవితి నాడు పద్దెనిమిది పడుల బియ్యప్పిండితో ఒకే కుడుము చేసి నైవేద్యం పెడతారు. పేరు అందుకే వచ్చింది.

ఈయన కనబడ్డాడంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు. కనబడకుండానే స్వామి సన్నిధి క్యూలోకి వచ్చేస్తే మధ్యలో ఎక్కడో అడ్డదారి పట్టారన్నమాట.

7. కంబత్తడి మండపం

గుడంతట్లో ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు ఇది. స్వామికి ఎదురుగా ధ్వజస్తంభం, నంది, చుట్టూ శివుడి రూపాలు చెక్కిన ఎత్తైన రాతి స్తంభాలు. క్యూలో పోకముందు ఇరవై నిమిషాలు దీనికే ఉంచండి.

మొదట మీనాక్షీ కల్యాణం వెతకండి. మధ్యలో అమ్మవారు తల కొంచెం వంచి నిలబడి ఉంటుంది. ఒక పక్క సుందరేశ్వరుడు చెయ్యి పట్టుకుంటాడు, ఇంకో పక్క అన్నగా విష్ణువు ధారపోస్తాడు. దగ్గరికి పోయి ఆ చేతులు చూడండి. రాతిలో ఒకరి వేళ్ళు ఒకరి వేళ్ళ మీద ఎలా వాలాయో, ధార ఏ చేతి మీద పడుతోందో తెలుస్తుంది. పెళ్ళికూతురి సిగ్గు కళ్ళలో కాదు, మెడ వంపులో ఉంది.

తర్వాత నిలువెత్తు వీరభద్రులు, కాళి, ఆమెకు పోటీగా కాలు పైకెత్తి ఆడే ఊర్ధ్వతాండవ మూర్తి. కోపం చల్లారాలని వీళ్ళ మీద వెన్నముద్దలు విసిరే అలవాటు జనంలో ఉంది. విసరకండి, జిడ్డు పట్టిన రాయి మీద దుమ్ము పేరుకుంటుంది. దండం చాలు.

సాష్టాంగం చేసేది ఇక్కడే, ధ్వజస్తంభం దగ్గర. గుడి తూర్పు ముఖం కాబట్టి తల ఉత్తరానికి పెట్టి పడుకోవాలి. లోపల ఒక్కో సన్నిధి ముందు సాష్టాంగపడితే వెనక వచ్చేవాళ్ళు తొక్కుతారు, ఆచారం కూడా కాదు. నందికీ స్వామికీ మధ్య నుంచి అడ్డంగా నడవకండి.

8. స్వామి దర్శనం, వెండి అంబలం

లోపలికి పోతూ కుడివైపు చూడటం మరిచిపోవద్దు. అక్కడ దక్షిణముఖంగా నటరాజు ఉన్నాడు. చిదంబరంలోనూ మిగతా చోట్లా మామూలుగా కుడికాలు నేల మీద, ఎడమకాలు పైకి ఉంటుంది. ఇక్కడ కాలు మారింది: ఎడమకాలు నేల మీద, కుడికాలు పైన. ఎప్పుడూ ఒకే కాలి మీద ఆడితే స్వామికి నొప్పి పుట్టదా అని పాండ్యరాజు వేడుకుంటే మార్చి ఆడాడని కథ. దీన్ని వెళ్ళియంబలం, వెండి సభ అంటారు. చాలామంది స్వామి కోసం ముందుకే చూస్తూ దీన్ని దాటిపోతారు.

గర్భాలయంలో లింగరూపం. శ్రీశైలంలోలా, కాశీలోలా స్పర్శ దర్శనం ఇక్కడ లేదు. అభిషేకం మన చేత్తో చేయడమూ ఉండదు. అది అర్చకుల పని, మనది చూడటం. తీర్థం, శఠగోపం కోసం చెయ్యి చాపి తల వంచి నిలబడకండి. తమిళనాట శివాలయాల్లో ఇచ్చేది విభూతి. కుడి అరచెయ్యి కింద ఎడమ చెయ్యి పెట్టి తీసుకోండి. విభూతి మహిమ మీద శైవ కవి సంబంధర్ పదిగం (పద్యాల పాట) పాడి పాండ్యరాజు జ్వరం తగ్గించాడని చెప్పేది ఈ మదురైలోనే, అందుకే ఇక్కడి విభూతి అంటే తమిళులకు అంత ఆపేక్ష. మిగిలింది రెండో పొట్లంలోకి.

9. ప్రాకారం చుట్టూ

ప్రదక్షిణలో గోడకు దక్షిణాన దక్షిణామూర్తి, పడమర లింగోద్భవుడు, ఉత్తరాన దుర్గ. గర్భాలయం బరువు మోస్తున్నట్టు చెక్కిన ఏనుగులు ఎనిమిది, లెక్కపెట్టండి. సిద్ధుడి సన్నిధి దగ్గర రాతి ఏనుగుకు చెరకు తినిపించిన కథ అక్కడివాళ్ళనడిగితే చెబుతారు. పాత కదంబ చెట్టు మోడును కూడా ఇక్కడ కాపాడి ఉంచారు. మదురైకి కదంబవనం అన్న పేరు దానివల్లే.

ఉత్తరం వైపు చండికేశ్వరుడు. ఆయన ఎదుట రెండు చేతులూ మెల్లగా తట్టి "శివుడి సొమ్ము ఏమీ తీసుకుపోవడం లేదు" అన్నట్టు చూపితే చాలు. బట్టలోంచి పోగు పీకి ఆయన మీద వెయ్యడం తప్పు. గట్టిగా చప్పట్లు కొట్టడమూ తప్పు.

దీపాలు పెట్టాలనుకుంటే పళ్ళెం ఉంచిన చోటే పెట్టండి. 2018 ఫిబ్రవరిలో వీరవసంతరాయ మండపంలో మంటలు లేచి రాతి కప్పే కూలింది.

10. వెయ్యి స్తంభాల మండపం, రాత్రి సేవ

ఈశాన్యంలో ఉన్న ఈ మండపం 1569లో నాయక రాజుల మంత్రి అరియనాథ మొదలియార్ కట్టించింది. స్తంభాలు 985. ఇప్పుడు మ్యూజియం, వేరే టికెట్. మధ్యదారిలో నిలబడి రెండడుగులు పక్కకు జరగండి, ఎటు చూసినా వరుసలు తప్పకుండా సాగిపోతాయి. ఉత్తర ఆడి వీధిలో సంగీత స్తంభాలున్నాయి, ఒక్కోటీ ఒకే రాతిలో తొలిచిన 22 సన్న కంబాలు. నాణెంతో, తాళంచెవితో కొట్టకండి. వేలితో తట్టినా వద్దు, అరిగిపోతున్నాయి.

సాయంత్రం వెళ్ళమన్నది పళ్ళియరై సేవ కోసం. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో స్వామి పాదుకలను పల్లకిలో పెట్టి, స్వామి సన్నిధి నుంచి అమ్మవారి పడకగదికి తీసుకెళ్తారు. మేళం ముందు నడుస్తుంది. తొమ్మిదికే స్వామి సన్నిధి బయట నిలబడండి, పల్లకి వెనకాలే నడిచి అమ్మవారి వైపు రండి. ముందుగానే అమ్మవారి దగ్గర చేరితే గుంపు వెనక పడిపోతారు. ఓపిక లేకపోతే దీనికి బదులు తెల్లవారుజామున తలుపు తీసే వేళకు వెళ్ళండి, రాత్రి వచ్చిన పాదుకలు అప్పుడు స్వామి దగ్గరికి తిరిగి వెళ్తాయి.

11. పుదుమండపం

తూర్పు గోపురానికి ఎదురుగా, రోడ్డు అవతల, తిరుమల నాయకుడు వసంతోత్సవం కోసం కట్టించింది. లోపలికి వెళ్ళనిస్తే మధ్య స్తంభాల మీద నాయక రాజులు చేతులు జోడించి నిలబడి ఉంటారు. కాస్త బొజ్జతో, రాణులతో ఉన్నది తిరుమల నాయకుడే.

చిత్తిరై ఉత్సవానికి వెళ్ళేటట్టయితే

ఏప్రిల్-మే నెలల్లో వస్తుంది. పట్టాభిషేకం 8వ రోజు, దిగ్విజయం 9వ రోజు, కల్యాణం 10, తేరు 11. ఆ తర్వాత తమిళుల చిత్తిరై నెల పౌర్ణమికి అళగర్, అంటే విష్ణువు, వైగై నదిలో దిగుతాడు. చిత్తిరై తేరు చిత్తిరై వీధిలో తిరుగుతుందనుకుని అక్కడ చోటు పట్టుకుని కూర్చునేవాళ్ళు ఏటా ఉంటారు. తేరు తిరిగేది మాసి వీధుల్లో. మాసి నెలలో జరిగే ఉత్సవాన్ని తిరుమల నాయకుడు చిత్తిరైకి మార్చాడు, నెల మారింది కానీ వీధి మారలేదు. కల్యాణం నాడు పెళ్ళయిన ఆడవాళ్ళు పసుపుతాడు మార్చుకుంటారు. మీరూ మార్చుకోవాలనుకుంటే తాడు ముందే కొని దగ్గర ఉంచుకోండి, ఆ గుంపులో అంగడి దాకా పోలేరు.

బయటికి రాకముందు సరిచూసుకోండి

చెప్పులు వేసుకోకముందు ఇంటివాళ్ళంతా ఒకర్నొకరు ఈ ఆరు అడగండి.

- అమ్మవారి ఏ చేతిలో చిలుక ఉంది?
- బంగారు విమానాలు ఎక్కడి నుంచి కనిపించాయి?
- ముక్కురుణి వినాయకుడు ఏ దిక్కుకు చూస్తున్నాడు?
- కల్యాణం శిల్పంలో ధార పోసేదెవరు?
- నటరాజు ఏ కాలు ఎత్తాడు?
- ఏనుగులు ఎన్ని?

నాలుగింటికి జవాబు వస్తే దర్శనం బాగా జరిగినట్టు. నటరాజు, విమానాలు రెండూ తప్పితే గంట టైముంటే తిరిగి వెళ్ళండి: ఉచిత క్యూలోనే నిలబడి, ఈసారి కుడివైపు చూస్తూ.